కాలరు కింద ఎర్రదారం

నా చిన్నప్పుడు నెల్లూరులో మా బడివాళ్లు ఏటా ఒక పెద్దమనిషి జయంతి జరిపేవారు. స్వరాజ్యం రాకముందు ఆయన మునిసిపల్ ఛైర్మన్, పెద్దబజారులో బట్టల కొట్టుకు యజమాని. ఆయన జీవితచరిత్ర తప్పుల్లేకుండా ఒప్పజెప్పిన పిల్లవాడికి ఆ కొట్టు నుంచే చొక్కా గుడ్డ బహుమతిగా వచ్చేది. నాకున్నవి రెండే చొక్కాలు, రెండూ మా అన్నయ్య విడిచినవే. అందుకని ఆ గుడ్డ కోసం పది రోజులు ఇల్లు ఎగిరిపోయేలా వల్లెవేశాను.

మా తాతయ్య దర్జీ. తాను కుట్టిన ప్రతి బట్టకూ కాలరు కింద ఎర్రదారంతో ఒక చిన్న కుట్టు వేసేవాడు. బయటికి కనపడదు, అది ఆయన గుర్తు. ఛైర్మన్ గారు విదేశీ సీమబట్టలన్నీ కుప్పపోయించి తన చేత్తో నిప్పంటించారనే వాక్యం నేను చదువుతుంటే తాతయ్య మిషను ఆపాడు.

ఆ కుప్పలో తాతయ్య పెళ్లికోటు కూడా ఉందట. సీమగుడ్డ కొని తానే కుట్టుకున్నది, దేశం కోసమని కళ్లు తుడుచుకుంటూ వేశాడట. వారం తిరక్కుండానే అల్లూరు నుంచి ఛైర్మన్ గారి అల్లుడు వచ్చి, నడుము దగ్గర వదులు చేయమని ఒక కోటు ఇచ్చాడు. కాలరు తిప్పితే ఎర్రదారం, అది తాతయ్య పెళ్లికోటే. కాలినవి చింకిగుడ్డలూ గోనెసంచులూనట. మంచివన్నీ ముందే దొడ్డిదారిన పెద్దాయన ఇల్లు చేరాయి. ఛీ, ఇదీ ఆయన దేశభక్తి.

"నోరు మూసుకోని వదులు చేసిచ్చినాను అబ్బయ్యా. వాళ్లకన్నా నామీదే నాకు రోత. ఆ నిప్పంటించిన ఒక్కమాట నువ్వు చెప్పబాక" అన్నాడు తాతయ్య.

చెప్పనన్నాను. మర్నాడు వేదిక మీద సరిగ్గా ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాస్టారి చేతిలో గుడ్డ కనపడింది, నీలం గీతలది. తక్కిన అన్నిటికంటే ఆ వాక్యమే గట్టిగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో తాతయ్య మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

తాతయ్య గుడ్డ అడిగి తీసుకుని రెండు రోజుల్లో చొక్కా కుట్టిచ్చాడు. తొడుక్కుంటే మెడ దగ్గర ఏదో గుచ్చుకుంది. ఎప్పుడూ లోపల దాచే ఎర్రదారం కొసను ఈసారి కత్తిరించకుండా వదిలేశాడు.

ఇప్పుడు బజారు మధ్యలో ఆ పెద్దమనిషి విగ్రహం ఉంది. మొన్న జయంతికి నాలుగు మంచిమాటలు చెప్పమని కుర్రాళ్లు వచ్చారు. నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది. వస్తాను, మా తాతయ్య పెళ్లికోటు సంగతి చెబుతాను అన్నాను. వాళ్లు మళ్లీ రాలేదు.

ఆ చొక్కా ఎప్పుడో చిరిగిపోయింది. దారం కొస మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది.