బండెక్కే వంతు

కిష్టారంలో నేనెక్కిన బస్సు సగానికి పైగా ఖాళీగా ఉంది. దారిలో ఒక పల్లె దగ్గర నడివయసు ఆవిడ ఒక్కతే ఎక్కి నా పక్కన కూర్చుంది. చేతిలో సంచి కూడా లేదు.

“ఎక్కడి దాకా అమ్మా?” అనడిగాను.

“ఏడికీ లేదు సార్. బజారు దాకా పోయి ఇదే బండిల తిరిగొస్త. ఇయ్యాల వంతు మా ఇంటిది.”

ఊరి పశువులను రోజుకో ఇంటివాళ్లు కాసినట్టే, కొత్తగా వచ్చిన ఈ బస్సునూ వంతులేసుకుని ఎక్కుతున్నారట.

“ఎక్కెటోళ్లు లేకుంటే సర్కారు బండి బంద్ చేస్తదంటున్నరు. పోయిన వానల్ల మా పెద్ద కోడల్ని మంచం మీద ఆస్పత్రికి మోసినం. దారిలనే పాణం పోయింది. ఇప్పుడు చిన్న కోడలికి నెలలు నిండుతున్నయ్.”

టికెట్టు మడిచి కొంగున ముడేసుకుంది. వెనక్కి తిరిగి ఖాళీ సీట్లు చూసి, “రేపు పక్కింటోళ్లు ఇద్దరొస్తరు” అంది ధీమాగా.

బజారు దగ్గర దిగి, బోరింగు దగ్గర నీళ్లు తాగి, మళ్లీ అదే బస్సెక్కి కూర్చుంది.

ఇప్పుడు అటు వెళ్లినప్పుడల్లా తెలిసినవాళ్లు జీపు పంపిస్తామంటారు. వద్దని బస్సుకే వెళ్తాను. ఈమధ్య సీటు దొరకడం లేదు.