గంటకు అరవై కాలర్లు

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరక్క అంటారు. పద్నాలుగేళ్లుగా చొక్కా కాలర్లు తప్ప మరొకటి కుట్టలేదు మరి. దేశం దిగుమతులకు తలుపులు బార్లా తెరిచిన ఏడాది చవక బట్ట వచ్చి పడి, ఆమె భర్త పనిచేసే నేతమిల్లు మూతపడింది. ఆ మరుసటేడు అవే తలుపుల గుండా చొక్కాల ఆర్డర్లు వచ్చి ఈ ఫ్యాక్టరీ లేచింది. మొగుడి పని పోయింది, పెళ్లానికి పని దొరికింది. లెక్క సరిపోయిందని పైనున్నవాళ్లు అనుకున్నారు. సరిపోయిందో లేదో ఆ ఇంట్లో వాళ్లను ఎవరూ అడగలేదు.

కిందటేడు విదేశీ కొనుగోలుదారులు ధర తగ్గించమన్నారు. యాజమాన్యం ఉత్పాదకత పెంచాలని స్టాప్‌వాచీతో ఒకాయన్ని తెచ్చింది. ఆడవాళ్లు ఆయనకు గడియారం సారు అని పేరు పెట్టేశారు. ఆయన కొలవబోయేది లైనులో అందరికన్నా చురుకైన కాలరక్కను. ఇంటికి చుట్టం వస్తున్నట్టు ఆరోజు లైనంతా హడావుడి పడింది. ఒకామె కొత్త సూది తెచ్చింది, ఒకామె దారం చుట్టి పెట్టింది, అదే లైనులో కుట్టే ఆమె తోడికోడలు నీటుగా కత్తిరించిన ముక్కల కట్టలు ఏరి తెచ్చి బల్ల మీద పేర్చింది. కాలరక్క ఇరవై నిమిషాల్లో ఇరవై కాలర్లు కుట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం బోర్డు మీద రాశారు: గంటకు అరవై. నెలాఖరుకు అందులో బాగా వెనకబడిన నలుగురిని తీసేస్తారట. మామూలు రోజుల్లో కాలరక్కే నలభై అయిదు దాటదు. తోడికోడలికి నలభై ఒకటి. ఆ నలుగురిలో మొదటి పేరు ఆమెదే. ఇద్దరు పిల్లల చదువు ఆమె మిషను మీదే నడుస్తోంది.

"నీ గొప్ప నువ్వు చూపించుకున్నావక్కా, ఉరి నా మెడకు పడింది," అంది తోడికోడలు.

"ముక్కలు ఏరి పెట్టింది నువ్వే కదే."

"అదే నా ఖర్మ. నా గొయ్యి నేనే తవ్వుకున్నా."

కాలరక్క టీ వేళకు నేరుగా గడియారం సారు బల్ల దగ్గరికి వెళ్లింది.

"కొత్తకోడలు మొదటిరోజు ఇల్లూడ్చింది చూసి, జన్మంతా అలాగే ఊడుస్తుందని రాసుకున్నారు సారూ మీరు. రేపు పొద్దున్న గంట కొట్టినప్పటి నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా మా తోడికోడలి వెనక నిలబడండి. చెయ్యి ఆగిన ప్రతిసారీ ఎందుకాగిందో రాయండి."

"పైవాళ్లు ఒప్పుకోరమ్మా."

"అయితే ఆ అరవై ఉత్తుత్తిదని నేనే రాసి సంతకం పెట్టి ఇస్తా. ముందు నన్నే తీసెయ్యమనండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంకె తప్పని తేలితే పోయేది ఆయన పరువే.

మర్నాడు ఎనిమిది గంటలూ నిలబడ్డాడు. పాపం, కుర్చీ కూడా అడగలేదు. కట్టలు రాక తోడికోడలు పదకొండుసార్లు లేచి హాలు ఆ చివరనున్న కటింగు గదికి నడిచింది. సూది విరిగితే విరిగిన ముక్క చూపించి, సూపర్‌వైజరు సంతకం కోసం కాచుకుంది. మధ్యాహ్నం నెత్తిమీది లైటు ఆరిపోతే ఊరికే కూర్చుంది. మొత్తం రెండు గంటలు మిషను ఆగింది. చేతిలో పనున్న ఆరు గంటల్లో ఆమె వేగం గంటకు సుమారు యాభై అయిదు.

దేశం ముందుకు పోవాలంటే ఉత్పాదకత పెరగాలంటారు. పెరగాల్సిందే. దాన్ని ఆడదాని మణికట్టులో వెతుకుతారేం? కటింగు గది నుంచి కుట్టే బల్ల దాకా ఉన్న దారిలో ఎందుకు వెతకరు?

కాలరక్క, గడియారం సారు ఆ లెక్క రాసిన కాగితాలతో మేడమీది మేనేజరు గదికి వెళ్లారు. మేనేజరు వాటిని రెండుసార్లు తిరగేశాడు. "సరే. కట్టలు మీ బల్లల దగ్గరికే పంపిస్తాం. సూదులు లైనులోనే ఉంచుతాం. నలుగురినీ తియ్యం. ఇక వెళ్లి పని చూసుకో."

కాలరక్క కదల్లేదు. "అది రాసివ్వండి సారూ."

"నా నోటిమాట చాలదా?"

"మా నోటిమాట చాలకే కదా గడియారం తెచ్చారు."

గడియారం సారు కిటికీలోంచి బయటికి చూశాడు. మేనేజరు రాశాడు. ఇకమీదట రోజంతా చూడకుండా ఏ అంకె కూడా వెయ్యకూడదని ఇంకో వాక్యం చేర్పించి, సంతకం ఆరేదాకా ఆగి ఆమె కిందికి దిగింది.

తోడికోడలి మిషను పక్కన కాగితం పెట్టింది.

"నువ్వే చదివి వినిపించక్కా," అంది ఆమె తలెత్తకుండానే. "కట్టలొచ్చాయి. నాకు చెయ్యి ఖాళీ లేదు."