గుండెగోడకు మూడు నెలల సెలవు

ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆమెను దాటిన ఆడపిల్ల ఊళ్లో లేదు. ఒకచోట నిలవని మనిషి గనుక అమ్మమ్మ 'బొంగరం' అని పిలిచేది. లోకమూ ఆ పేరే ఖాయం చేసింది. పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లకు గుండె పరీక్ష తప్పనిసరి అంటే, బొంగరం నవ్వుతూ వెళ్లి బల్లమీద పడుకుంది. తెరవైపు చూసిన డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"గుండెగోడ మందంగా ఉందమ్మా. ఇన్నేళ్ల పరుగువల్ల కావచ్చు, జబ్బువల్లా కావచ్చు. మూడు నెలలు కుదురుగా ఉండు. పల్చబడితే అది పరుగు చేసిన పనే."

"పల్చబడకపోతే?"

"పరుగు మానెయ్యాలి."

ఆ విధంగా బొంగరానికి కూర్చునే ఉద్యోగం దఖలుపడింది. పర్యవేక్షణాధికారిగా అమ్మమ్మ తనను తానే నియమించుకుంది. మంచినీళ్లకు లేచినా "ఎక్కడికే?" అని విచారణ.

ఇంట్లో సాగనిది పార్సిల్ ఆఫీసులో సాగింది. అక్కడ ఆమె గుమాస్తా. పార్సిళ్లు పై అంతస్తుకు చేర్చడం ఉద్యోగధర్మమే తప్ప వ్యాయామం కాదని తనకు తానే తీర్పు చెప్పుకుంది. లిఫ్టు ఉండగా మెట్లమీద ఉరకడం ఏ ధర్మమో ఆ తీర్పులో లేదు. ఎక్కేటప్పుడు ప్రాణం లేచొచ్చేది, దిగేటప్పుడు గుబులు పట్టుకునేది. రేపు గోడ పల్చబడకపోతే అది మెట్ల పనో, జబ్బో ఎవరు చెప్పగలరు? ఒక్కోసారి ఆ తెలియకపోవడమే నయమనిపించేది.

గడువు తీరింది. మళ్లీ అదే బల్ల.

"పూర్తిగా మానేశావా?" అడిగింది డాక్టరమ్మ.

"నేను సాక్ష్యం," అంది అమ్మమ్మ. "కుర్చీకి అతికించి పెట్టాను దీన్ని."

ఛాతీమీద చల్లటి జెల్ రాయబోతున్న డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది బొంగరం.

"మానలేదండీ. ఆఫీసు మెట్లు ఎక్కాను. రోజూ, పరుగెత్తుతూనే."

సాక్షి మొహం మాడిపోయింది.

"అయితే ఇవాళ చూసి లాభం లేదు. మళ్లీ మొదటినుంచీ మూడు నెలలు."

"మరి పోటీలు?"

"ఈ ఏడాదికి లేనట్టే."

బయటికొచ్చేసరికి బస్సు కదలబోతోంది. "పరుగెత్తవే," అనేసి అమ్మమ్మ నాలుక కరుచుకుంది. సంచీ చంకన పెట్టుకుని తనే నాలుగడుగులు ఉరికింది. బొంగరం నడిచింది. బస్సు వెళ్లిపోయింది.

"నన్ను పంపాల్సింది పోటీలకి," అంది అమ్మమ్మ ఆయాసపడుతూ.

బొంగరం బెంచీమీద కూర్చుంది. మోకాలు ఊగడం మొదలెట్టింది. అరచేత్తో దాన్ని అదిమి పట్టుకుంది.