ముల్లు మీద కన్ను

"...అయితే ఆ ముల్లునే పెళ్ళి చేసుకోవాల్సింది! మధ్యలో నేనెందుకు?" అంది ఇనాయత్, ముందు సీట్లోంచి దిగుతూ.

"తలుపు నెమ్మదిగా వెయ్యి. గేజి గొట్టం కదులుతుంది," అన్నాడు వహ్దాన్.

"గొట్టం కదులుతుందట! వంగి వంగి ఆ గేజి చదవలేక నా నడుము కదిలిపోయిందయ్యా. సుమూహా పేట నుంచి ఇంటిదాకా 'మూడు, మూడు, రెండున్నర' అంటూనే ఉన్నా. పక్క బండివాళ్ళు నాకు పూనకం వచ్చిందనుకున్నారు."

"గురువారం ఒక్కరోజు..."

"గురువారం నేను మా తమ్ముడి బండిలో వస్తా. నీ మేనకోడల్ని నువ్వే ఊరేగించుకో. లేదా ఆ దరిద్రాన్ని పీకించెయ్."

వహ్దాన్ వంగి గేజి చూశాడు. ఇంజను ఇంకా ఆపలేదు, ముల్లు ఒకటిన్నర దగ్గర ఉంది.

అతను కఫ్రుద్దవ్వార్‌లోని ఒక నూలు మిల్లులో ముప్పై ఒక్క సంవత్సరాలు బాయిలరు దగ్గర పనిచేశాడు. పని అంటే చూడటమే. గోడ మీద పళ్ళెమంత గేజి, దాని ముందు స్టూలు, స్టూలు మీద వహ్దాన్. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి భుజం మీద చేయి వేసి "నా కన్ను పడింది" అనేదాకా ఈ షిఫ్టువాడు తల తిప్పకూడదు. కొత్తగా చేరినవాళ్ళు ఈ ఆచారాన్ని చూసి నవ్వేవారు. ఒక వేసవిలో ఫాంగరీ అనేవాడు సిగరెట్టు వెలిగించుకోవడానికి అటు తిరిగాడు. ఆవిరి గొట్టం పగిలి చెయ్యి మోచేతిదాకా కాలింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. వహ్దాన్ రొట్టె తిన్నా, టీ తాగినా, కొడుకు పుట్టాడన్న కబురు విన్నా ముల్లును చూస్తూనే.

రిటైరైన రోజు మిల్లువాళ్ళు గోడ గడియారం బహూకరించారు. దానికి మూడు ముళ్ళున్నాయి గాని, అవి ఏం చేసినా ఎవరికీ ప్రమాదం లేదు. నెల తిరక్కుండానే అతనికి దాని మీద గౌరవం పోయింది.

అప్పుడే తన పాత ఫియాట్ 1100 బండికి ఆయిలు ప్రెషరు గేజి లేదన్న సంగతి తోచింది. ఉన్నదల్లా ఒక ఎర్ర దీపం.

"ఈ బండికి దీపం చాలండీ హాజ్‌గారూ. నాకు తెలిసి ఒక్కసారి కూడా వెలగలేదు," అన్నాడు మెకానిక్కు ఉస్తా బిషారా.

"దీపం చావు కబురు చెప్తుంది ఉస్తా. జబ్బు కబురు ముల్లే చెప్పాలి."

బిషారా నిట్టూర్చి, ఇంజనులో దీపం తీగ వెళ్ళే చోట మూడు మూతుల ఇత్తడి జాయింటు బిగించాడు. ఒక మూతికి పాత తీగ, ఇంకో మూతికి సన్నటి రాగి గొట్టం తగిలించాడు. పాత సామాన్ల బజారులో దొరికిన చేపల పడవ గేజిని డాష్‌బోర్డు కింద కూర్చోబెట్టాడు. ఇంజను తిప్పగానే ముల్లు నాలుగుకి లేచింది. వహ్దాన్ కళ్ళు చెమ్మగిల్లాయి.

సుఖం ఆ పూటతో సరి. ఇంజను వేడెక్కితే ముల్లు దిగేది, బండి నెమ్మదిస్తే ఇంకా దిగేది. బాయిలరు దగ్గర రెండుకి కిందికి దిగితే ఎక్కడో కారుతున్నట్టే, నిప్పు ఆర్పెయ్యాలి. కాబట్టి వహ్దాన్ సిగ్నలు దగ్గర ఆగడం మానేసి, పచ్చ దీపం వచ్చేదాకా పక్కవీధుల్లో తిరగసాగాడు. రోడ్డును చూస్తే ముల్లు కనపడదు, ముల్లును చూస్తే రోడ్డు కనపడదు. అందుకే ఇనాయత్‌ను పక్కన కూర్చోబెట్టి, బయలుదేరే ముందు ఆమె చేత "నా కన్ను పడింది" అనిపించేవాడు.

గురువారం సాయంత్రం ఆమె అన్నంత పనీ చేసింది.

చెల్లెలు సమీహా పెళ్ళినాడు ఆమెను ఊరేగించింది వహ్దానే, ఈ బండిలోనే. డ్రైవింగు కూడా ఈ బండి మీదే నేర్చుకున్న ఆమె కూతురు నజ్‌వాన్, తన పెళ్ళికీ మేనమామ బండే అని చిన్నప్పటి నుంచీ చెప్తూ వచ్చింది. మగపెళ్ళివారు అద్దెకు తెచ్చిన పొడవాటి తెల్ల కారు, ఎందుకైనా మంచిదని, ఖాళీగా వెనకే వస్తోంది. వహ్దాన్ అద్దంలో దాన్ని రెండుసార్లు చూశాడు. మూడోసారి చూడలేదు, కన్ను ముల్లు మీద ఉండాలి.

పెళ్ళికొడుకు హాజిమ్‌కు కళ్ళద్దాల దుకాణం ఉంది. అతను వెనక సీట్లోంచి ముందుకు వంగి గేజి చదువుతున్నాడు.

"మూడండీ హాజ్‌గారూ. రెండున్నర. రెండు."

ముందు ట్రక్కులో డప్పులవాళ్ళు. దాని వెనక కారు డిక్కీలో కూర్చుని వీడియో తీసేవాడు. సముద్రం పక్క రోడ్డులో ఊరేగింపు నత్త నడకలా సాగుతోంది.

"రెండుకి తక్కువ."

వహ్దాన్ యాక్సిలరేటరు తొక్కాడు. వీడియో కారును దాటాడు. డప్పుల ట్రక్కును దాటాడు. ముల్లు మూడున్నరకు లేచింది. పది నిమిషాల్లో కల్యాణ మండపం చేరాడు. అక్కడ కుర్చీలు వేసేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. అతను ఆగకుండా చుట్టు తిరిగి వెనక్కి వచ్చాడు. సగం దారిలో తమ ఊరేగింపే ఎదురొచ్చింది. డప్పులవాళ్ళు ఇది ఇంకెవరిదో పెళ్ళి అనుకుని మర్యాదగా దారి ఇచ్చారు.

మళ్ళీ వరసలో చేరాక ముల్లు ఒకటికి దిగింది. వహ్దాన్ నడిరోడ్డు మీద ఇంజను ఆపేశాడు.

వెనక నలభై బండ్లూ పెళ్ళి తాళంలో హారన్లు మోగించాయి. ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ సంబరపు కేకలు పెట్టారు. బండి ఆగడం కూడా వేడుకలో భాగమే అనుకున్నారు. సమీహా మాత్రం దిగి పరుగున వచ్చింది.

"అన్నయ్యా, నా బిడ్డ పెళ్ళా ఇది, నీ బాయిలరా? రెండు నిమిషాలు. కదలకపోతే పిల్లను తెల్ల కారు ఎక్కిస్తా."

బిషారా కూడా వచ్చాడు. "వేడి నూనె పలచబడుతుందండీ. నిదానంలో ఒకటి ఉన్నా చాలు."

"చాలని ఎవరు సంతకం పెట్టారు?"

"నేనే పెడతా! ఎక్కడ పెట్టమంటారు, మీ నుదుటి మీదా?"

వెనక సీటులోంచి నజ్‌వాన్ అంది: "నేను తెల్ల కారు ఎక్కను మామయ్యా. కానీ నడిచి వెళ్తా. ఈ చెప్పులతో. రేపు అమ్మ నిన్ను ఏమంటుందో నువ్వే పడు."

వహ్దాన్ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. తాను తల తిప్పిన క్షణంలోనే ఏదో పగులుతుంది. వెనక ఆ పిల్ల తెల్ల బట్టల్లో కూర్చుని ఉంది. గేజి చదివినవాడేమో కళ్ళద్దాలు అమ్ముకునేవాడు, నిజాయితీపరుడే, కానీ ఇందాక రెండుసార్లు ముల్లును వదిలి పెళ్ళికూతురి వైపు చూశాడు.

అతను దిగి, వెనక తలుపు తెరిచాడు.

"నజ్‌వాన్, నువ్వు ముందుకు రా తల్లీ. బండి నువ్వు నడుపు, ముల్లు నేను చూస్తా."