బావ జీతం ఉన్నాడు

ఫోనులో ఆ పేజీని నేను ఇప్పటికీ చూస్తుంటాను. అభిమానంతో కాదు. గోధుమరంగు గోడ ముందు గుడ్డ సంచీలు, మట్టి కప్పులు, చేనేత తువ్వాళ్లు. ప్రతి ఫొటో కింద అదే మాట: కొనే ముందు అడగండి, దీని వెనక ఎవరి చేతులున్నాయి? వెట్టిచాకిరీతో తయారైన సరుకు కొనకపోతే వెట్టి దానంతటదే పోతుందని పేజీ నడిపే ఆమె నమ్మకం. మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

మాది మద్దేడ్, తెలుగు రాష్ట్రం సరిహద్దుకు ఇవతలి ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో గోండి, దోర్లి కూడా. సరిహద్దు అవతల పెద్దమ్మ ఇంట్లో ఉండి పదో తరగతి దాకా చదివాను కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చింది. మనుషుల ముందు మాట్లాడటమే రాదు. ఇంటికి ఎవరైనా వస్తే వెనక గదిలోకి పోయే మనిషిని. చదివేది దాచుకుని చదువుతాను, రాసేది దాచుకుని రాస్తాను. అందుకే ఆ పేజీవాళ్లు “మీ ఊళ్లో సరుకు వెనక ఉన్న మనిషి గురించి పంపండి” అన్నప్పుడు, నోరు తెరవకుండా పని జరిగే దారి దొరికిందనుకున్నాను.

పంపింది మా బావ సంగతి. అక్క మొగుడు. అవతల ఒక మిర్చి రైతు దగ్గర జీతం ఉన్నాడు.

ఈ మాట మా వైపు ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. జీతం తీసుకోవడం వేరు, జీతం ఉండటం వేరు. తీసుకునేవాళ్లు మాస్టర్లు, పట్వారీలు. ఉండేవాడు ముందే కొంత పుచ్చుకుని, ఉగాది నుంచి ఉగాది దాకా ఆసామి ఇంటి మనిషైపోతాడు. పశువులు, నీళ్లు, మందు కొట్టడం, ఏది చెబితే అది. మధ్యలో వదిలి రావడానికి లేదు. బావకు ఉగాది దాటింది. వానలు పోయాయి, దీపావళి పోయింది. ఇచ్చింది ఇంకా తీరలేదని ఆసామి పంపడం లేదు. ఆధార్ కార్డు ఆయన బీరువాలో ఉంది. ఫోను చేస్తే ఆసామి కొడుకు పక్కన నిలబడి మాట్లాడిస్తాడు. అక్క ఒకసారి బస్సులు మారి వెళ్లింది. బావను చేనులోంచి పిలవకుండానే, గేటు దగ్గర చెంబెడు నీళ్లిచ్చి పంపేశారు. ఆమె బిడ్డ నడక నేర్చింది, తండ్రి చూడనేలేదు.

నేను రాసింది ఇంతే: “మా బావ మిర్చి తోటలో జీతం ఉన్నాడు. ఏడాది దాటినా పంపలేదు. ఆధార్ కార్డు వాళ్ల దగ్గరే ఉంది. కారం కొనేవాళ్లు ఆలోచించండి.” పెళ్లినాటి ఫొటో ఒకటి జతచేశాను. అందులో బావ నవ్వుతున్నాడు.

రెండు రోజుల తర్వాత అది పేజీలోకి ఎక్కింది. చుట్టూ ఆకుల బొమ్మలు పెట్టారు. బావ నవ్వు పక్కన ఎవరిదో కారం పొట్లం. కింద ఇంగ్లిషులోనూ హిందీలోనూ రాశారు: ఈయనకు మిర్చి తోటలో నెలజీతం ఉద్యోగం, ఏడాది దాటినా పనిలోంచి తీసేయలేదు, కాగితాలు యజమాని భద్రంగా చూసుకుంటున్నాడు. పైన పెద్ద అక్షరాలతో “మంచి తోట, మంచి కారం”. అడుగున, పంపింది నేనని నా పేరు.

ఎర్ర గుండెలు కుప్పలుగా పడ్డాయి. ఇలాంటి రైతులుంటే దేశం బాగుపడుతుందని ఒకరు, ఆ నవ్వు చూడండి, డబ్బుతో కొనగలమా అని ఇంకొకరు. ఆ కారం ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడిగారు. ఆ పొట్లం దొరికే చోటు ఆమె ఓపిగ్గా అందరికీ చెప్పింది.

తప్పు రాశారని ఆమెకు రాశాను. మాటల్లో రికార్డు చేసిన జవాబు పంపింది.

“అదేంటండీ, జీతం అంటే శాలరీయే కదా? మీరు రాసిందే పెట్టాం.”

జీతం ఉండటమంటే ఏమిటో, పంపలేదంటే ఏమిటో వాక్యం వాక్యం విడగొట్టి చెప్పాను. ఈసారి గొంతు ఇంకా తియ్యగా ఉంది.

“అంత కాంప్లికేటెడ్‌గా ఉంటే ఫాలోయర్స్‌కి ఎక్కదు డియర్. ఇది చాలా పాజిటివ్‌గా వెళ్తోంది, ఇప్పుడు కదిలించొద్దు. ఈ బాధ కథ విడిగా పంపండి, బానిసత్వ వ్యతిరేక వారంలో పెడదాం.”

పోస్టు కిందే నిజం రాశాను. తీసేశారు. మళ్లీ రాశాను. నన్ను బ్లాక్ చేశారు. ఇప్పుడు నేను ఆ పేజీ చూసేది అక్క ఫోనులో.

ఇంతలో మేస్త్రి వచ్చాడు. మా ఊరివాడే. ఏటా మిర్చి ఏరడానికి బండ్ల నిండా మనుషుల్ని అవతలికి తోలేది అతనే, బావను జీతం కుదిర్చిందీ అతనే. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఫోను మా నాన్న ముందుకు చాపాడు.

“మామా, నీ చిన్నపిల్ల మస్తు రాసింది. ఏడాదైనా తియ్యలేదట, కార్డు పైలమట. ఆసామికి పంపిన, సంబురపడ్డడు. ఇగ పంచాయితి ఏమని పెడతరు?”

నాన్న నావైపు చూసిన చూపు రాయను. మేస్త్రి పోతూ పోతూ నన్ను మాస్టరమ్మా అని పిలిచి, తన బండికి కూడా ఒక మంచి మాట రాసిపెట్టమన్నాడు. అక్క చేటలో వడ్లు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

ఆ పేజీ మీద నాకున్న కోపం అప్పుడు ఇంకోవైపు తిరిగింది. కారం కొనేవాళ్లను బతిమాలడం ఎందుకు? వాళ్లు కొనకపోతే ఇంకొకరు కొంటారు. కాయ ఏరేది ఎవరు? మావాళ్లే. బాసగూడ నుంచి, పామేడు నుంచి, మా ఊరి నుంచి బండ్లు పోకపోతే కాయ చెట్టు మీదే రంగు పోయి తాలు అవుతుంది. కూలీలను పిలవడానికి మేస్త్రులు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో నాన్న నంబరు ఉంది. అందులో రాతలు ఎవరూ చదవరు, అన్నీ గొంతులే. నా రాత అక్కడ పనికిరాదు. ఫోను తీసుకెళ్లి అక్క నోటి దగ్గర పెట్టాను.

అక్క తడుముకోలేదు. “మద్దేడ్ నుంచి మాట్లాడుతున్న. నా మొగడు ఆ తోటల జీతం ఉన్నడు. ఉగాది ఒడిసింది, పంపుతలేరు. కార్డు గుంజుకున్నరు. ఆ తోటకు పోకుండ్రి.” ఆసామి ఊరు చెప్పి, అదే మళ్లీ దోర్లిలో చెప్పింది.

జీతం ఉన్నడంటే ఏందని ఆ గ్రూపులో ఒక్కరూ అడగలేదు.

తిట్టారు. మా నోటికాడి కూడు చెడగొడతావా అని ఒకామె, మొగుణ్ని సాకలేక పంపి ఇప్పుడు ఏడుపేంది అని ఒక ముసలాయన. మేస్త్రి నోటికొచ్చిందంతా అని నాన్న నంబరు తీసేశాడు. కానీ అక్క గొంతు అప్పటికే ఊళ్లు దాటిపోయింది. ఏరే కాలం వచ్చాక రోడ్డు మీద బండి హారన్ కొడుతూ నిలబడేది. వేరే తోటలకు జనం ఎక్కారు. ఆ తోట పేరు చెబితే దిగిపోయారు.

సంక్రాంతి వెళ్లాక ఒక సాయంత్రం బావ వచ్చాడు. చిక్కిపోయాడు, వేళ్ల మధ్య చర్మం మందుకు మాడిపోయింది. జేబులో కార్డుంది. బిడ్డ ఆయన్ని చూసి అక్క చీర వెనక దాక్కుంది. కూర్చోకముందే నన్ను అడిగాడు: “నాకు శాలరీ ఉందని రాసింది నువ్వేనా? తోటల రోజూ అదే పిలుపు. శాలరీ వచ్చిండు, శాలరీ నీళ్లు పెట్టు.”

తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆసామి ఊరికే వదల్లేదు, కాయ ఏరేవాళ్లు దొరక్క వదిలాడు. కార్డు చేతికిచ్చి, ఇది మీవాళ్లకు చూపించి బండెడు మందిని తీసుకుని రమ్మన్నాడు. బావ సరేనని మాటిచ్చి వచ్చాడు. మాట తప్పకూడదంటాడు. అక్క కార్డు అందుకుని లోపలికి పోయింది.

పొద్దున ఆ తోటకు పోయే బండి వచ్చి మా దడి ముందు ఆగింది. బావ తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. అక్క ఆయన అంగీ పట్టుకుంది. ఇద్దరూ గడపలో అలాగే నిలబడిపోయారు. హారన్ ఆగడం లేదు. నేను బయటికి నడిచాను.

“బావ రాడు,” అన్నాను.

“నిన్నెవడడిగిండే?” అన్నాడు మేస్త్రి.

ఇంకో మాట నా నోట రాలేదు, కానీ పక్కకు జరగలేదు. బండిలో ఉన్న నలుగురు ఆడవాళ్లు నన్ను చూశారు. గడపలో అక్కను చూశారు. ఒకామె సద్ది మూట తీసుకుని దిగింది, వెనకాలే ఇంకొకామె. మేస్త్రి మా దడి మీద ఉమ్మి బండి తిప్పుకుపోయాడు.

ఆ పూట అన్నం దగ్గర నాన్న కంచం ముట్టలేదు. నావైపు చూడకుండా, “వచ్చే ఏడు మనల్ని ఎవడు పిలుస్తడు?” అన్నాడు.

బావ ముద్ద కలుపుతున్నాడు. కారానికి వేళ్లు మండుతున్నట్టున్నాయి, ఆగి ఆగి కలుపుతున్నాడు.

“పిలవకపోతే పిలవకపాయె,” అన్నాడు.