గేటు దగ్గర ఆగిన అంబులెన్స్

టాటానగర్‌లోని భుయ్యాడీహ్ బస్తీలో మా తమ్ముడికి గుండెనొప్పి వచ్చినప్పుడు అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. బండి ఖాళీ లేదన్నారు. ఆటోలో తీసుకెళ్ళాను, దారిలోనే పోయాడు. ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం ఒక అంబులెన్స్ ఊరికే నిలబడి ఉంది. దాని డ్రైవరు మట్టి కప్పులో టీ తాగుతున్నాడు. ఆ మొహం నేను మర్చిపోలేదు. అతని మీద ఆసుపత్రికి ఆరు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

తర్వాత ఒకసారి టాటానగర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన ఒకతను కూర్చున్నాడు. ఒంటి మీద అంబులెన్స్ యూనిఫాం. ఫోన్‌లో మన తెలుగే మాట్లాడుతున్నాడు. నేను ఊరుకోలేదు.

"మీవోడు టీ తాగతా కూకున్నాడు, మా తమ్ముడు చచ్చిపోనాడు. తెలుసేటి నీకు?"

అతను అంతా విన్నాడు. కోప్పడలేదు.

"ఆ బండి నాది కాదు బాబాయ్. గానీ దాని స్ట్రెచర్ ఆస్పత్రి లోపలుండిపోయుంటాది. బెడ్ దొరక్కపోతే పేషెంటుని మా స్ట్రెచర్ మీదే ఉంచేత్తారు. అది తిరిగొచ్చేదాకా బండి కదల్దు. మొన్న నేనూ మూడు గంటలు నిలబడ్డాను."

"నువ్వూ టీ తాగేవా?"

"రెండుసార్లు తాగేను బాబాయ్," అన్నాడు తల దించుకోకుండా.

ఇంతలో అతని రైలు వచ్చింది. నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఏడో అర్జీ రాశాను. డ్రైవరు మీద ఫిర్యాదు తీసెయ్యలేదు. కింద ఇంకో ప్రశ్న చేర్చాను: ఆ రోజు ఆ స్ట్రెచర్ మీద ఉన్న మనిషికి బెడ్ దొరికిందా?