మావాడిలో ప్రతిభ వెతికిన మనిషి

మొన్న మంగళవారం పొద్దున్నే ఫోను. "అక్కా, మామయ్య పోయిండు," అంది మధురానగర్‌లో మా పాత ఇంటి ఓనరుగారి కోడలు. ఆయన్ని మేము ఓనర్ అంకుల్ అనేవాళ్ళం. వాళ్ళ పై వాటాలో తొమ్మిదేళ్ళు అద్దెకున్నాం. సనత్‌నగర్‌లో ఓ ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువు చేతికొచ్చినా అది దేనికి పనికొస్తుందో తేల్చేదాకా కింద పెట్టేవారు కాదు.

మాది భీమవరం. అమీర్‌పేట గోడల మీద ఖాళీ లేకుండా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లు అంటించే రోజుల్లో, నేను అక్కడే ఓ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. మావాడికి ఆటిజం అని తెలిసేసరికి వాడికి నాలుగేళ్ళు. పత్రికలు ఆ మాట రాయడం అప్పుడప్పుడే మొదలుపెట్టాయి. కొన్ని వ్యాసాలు తల్లి ఉద్యోగానికి వెళ్ళడమే దీనికి కారణమని ఆడిపోసుకునేవి. వాటిని చింపి పారేసేదాన్ని. కొన్ని మాత్రం ఇలాంటి పిల్లల్లో గొప్ప ప్రతిభ దాగి ఉంటుందని రాసేవి. అవి కత్తిరించి బీరువాలో దాచుకున్నాను. అబద్ధం ఎందుకు, నాకూ ఆశే.

ఓ ఆదివారం అనుబంధంలో అంకుల్ కూడా అలాంటిదే చదివారు. "మనోని లోపల సుత ఏదో ఉంటది బిడ్డా. ఎట్లైనా బయటికి తీద్దాం," అన్నారు. పంజాగుట్ట వెళ్ళి చిన్న కీబోర్డు కొనుక్కొచ్చారు. మావాడు దాని మీద పడుకున్నాడు. రంగులు తెస్తే తిన్నాడు. చదరంగం బల్ల, తాళంకప్పలు, పాత క్యాలెండర్లు, ఒకటా! మూడేళ్ళు ఇదే పని. ప్రతిసారీ మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. వాడు మాత్రం తన మానాన తాను ఉండేవాడు.

ఇలాంటి పిల్లల మీద వ్యాసం రాస్తున్నానంటూ ఓ వారపత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చింది. కూర్చోగానే, "బాబుకి ఏంటి టాలెంట్, మేడమ్?" అని అడిగింది. "బొమ్మలు బాగా వేస్తాడు," అనేశాను. ఎలా వచ్చిందో నా నోట ఆ మాట!

పక్కనే ఉన్న అంకుల్ నా మొహంలోకి చూశారు. "బొమ్మలు గిట్ల ఏం వెయ్యడమ్మా. నేను మూడేండ్ల సంది చూస్తున్న. ఇడ్లీ తింటడు, తానం చేస్తడు, మనసు మంచిగుంటే నవ్వుతడు. గది రాసుకో," అన్నారు.

ఆ అమ్మాయి టీ తాగి వెళ్ళిపోయింది. అచ్చయిన వ్యాసంలో మావాడు లేడు.

పరాయి మనిషి ముందు పరువు తీశారని వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆయనే మెట్లెక్కి వచ్చారు. "నాది సుత తప్పే బిడ్డా. నా కొడుకు పది ఫెయిలైతే ఒక్క మాట అనలే. గీ పోరనికి మాత్రం దినాం పరీక్ష పెట్టిన," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. మర్నాడు బీరువాలోని కత్తిరింపులన్నీ పాత పేపర్లవాడికి వేసేశాను. ఆ తర్వాత అంకుల్ ఏమీ తేలేదు. ఊరికే వచ్చి వాడి పక్కన కూర్చునేవారు. మావాణ్ణి మావాడిగా చూడటం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ రుణం తీరేది కాదు.

చివరిచూపుకి మావాణ్ణి తీసుకెళ్ళాను. ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు. చాప మీద కూర్చున్న ఓ ముసలావిడ, వాళ్ళ చుట్టాలే అయ్యుంటుంది, "బాబు ఏం చేస్తుండమ్మా?" అని అడిగింది.

"ఏమీ చేయడండీ. ఆయన్ని చూడ్డానికొచ్చాడు," అన్నాను.

"రా బిడ్డా, కూసో," అంటూ ఆవిడ జరిగి చోటిచ్చింది. వాడు వెళ్ళి కూర్చున్నాడు. ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, అంకుల్‌ని తీసుకెళ్ళేదాకా వాడు అక్కడి నుంచి లేవలేదు.